నల్లా కట్టెయ్యమని పోరడం మానేశాక

మా ఇంట్లో నీళ్ల ప్రస్తావన వస్తే అది తిట్టుగానే వచ్చేది. "పళ్లు తోముకునేటప్పుడు నల్లా కట్టెయ్యరా", "షవర్ కింద నిద్రపోయావా", "ఆ పైపు పట్టుకుని చెట్లకెంతసేపు పోస్తావు?" ఒకళ్లు మానితే ఇంకొకళ్లు అందుకునేవాళ్లం. ఏళ్లకేళ్లు అలా పోరు పెట్టుకుని ఎన్ని లీటర్లు మిగిల్చామో అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. 2024 ఎండాకాలంలో బోరు చేతులెత్తేసి, ట్యాంకర్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసే గతి పట్టాక, నేను మనుషుల్ని వదిలేసి పైపుల మీద పడ్డాను. ఆ పని ఎలా నడిచిందో, దేనికి ఫలితం కనబడిందో, దేనికి లేదో రాస్తున్నాను. ఇండిపెండెంట్ ఇల్లు, కాస్త పెరడు ఉన్నవాళ్లకు పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకు సగమే వర్తిస్తుంది.

మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఒక కాలనీ. 200 గజాల స్థలం, అందులో 120 గజాల మేర స్లాబు. మిగిలిందాంట్లో కారు, సంపు, నాలుగు చెట్లు. మనుషులం ఐదుగురం: మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. నగరానికి నీళ్లిచ్చే జలమండలి వాళ్ల నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్లు సంపులో పడతాయి, అక్కణ్నుంచి మోటారుతో పైనున్న 1000 లీటర్ల ట్యాంకుకు ఎక్కిస్తాం. బోరు నీళ్లూ ఆ ట్యాంకులోకే. ఎన్ని నీళ్లు దేనికి పోతున్నాయో తెలియకపోవడానికి ఈ కలగాపులగమే కారణం. నల్లా మీటరు సంపులోకి వచ్చినదాన్నే లెక్కపెడుతుంది గానీ, ఇంట్లో ఏ మూల ఖర్చవుతోందో చెప్పదు కదా.

అందుకని ముందు ట్యాంకుకే కొలత పెట్టాను. మేడ మీద పడి ఉన్న వెదురు కర్రకు మా అబ్బాయి పాత టేపు అతికించి, ట్యాంకులో నిలువుగా దింపి చూడటం మొదలెట్టాను. మా ట్యాంకు అడ్డం కొలత 105 సెంటీమీటర్లు. ఆ లెక్కన నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగితే దాదాపు 9 లీటర్లు ఖర్చయినట్టు. పొద్దున ఒకసారి, వంట అయ్యాక ఒకసారి, బట్టలు ఉతికాక ఒకసారి, చెట్లకు పోశాక ఒకసారి చూసి, ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రాసేదాన్ని. మా ఆయన దాన్ని చూసి "బ్యాంకు పాస్‌బుక్కా?" అని నవ్వాడు. వారం తిరిగేసరికి ఆయనే మేడెక్కి చూసొచ్చి రాస్తున్నాడు.

తేలిన లెక్క: రోజుకు అటూఇటుగా ఒకటిన్నర ట్యాంకు, అంటే 1500 లీటర్లు. తలకు 300. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలని ప్రభుత్వ లెక్క. ఐదుగురికి ఆ చొప్పున 675. జలమండలి 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది కదా, దాన్ని 30తో భాగిస్తే రోజుకు 666. మా ఇంటికి కొలిచి కుట్టినట్టే ఉంది. దాంతో అదే గురి పెట్టుకున్నాను: ట్యాంకర్ లేకుండా, బోరు మీద ఆధారపడకుండా, ఆ 20,000లో నెల గడవాలి.

మొదటి దొంగ దొరికింది రాత్రిపూట. పడుకునే ముందు కర్ర పెట్టి చూసి, పొద్దున ఎవరూ లేవకముందు మళ్లీ చూస్తే 7 సెంటీమీటర్లు దిగింది. రాత్రి అత్తమ్మ ఒకసారి లేస్తారు, ఆ ఒక్క ఫ్లష్ తీసేసినా 50 లీటర్లు ఎటు పోయినట్టు? నల్లాలన్నీ చూశాను, ఏదీ కారడం లేదు. గోడలకు చెమ్మ లేదు. ప్లంబర్‌ని పిలిస్తే "లైన్ ఎక్కడో లీకుంటది మేడం, టైల్స్ తీసి చూడాలె" అన్నాడు. టైల్స్ మాట వినగానే మా ఆయన అతన్ని చాయ్ తాగించి పంపేశాడు.

ఫ్లష్ ట్యాంకుల మీద నాకు అనుమానం ఉంది. కేసరిలో వేసే నారింజ రంగు పొడి తీసుకుని, అందరూ పడుకున్నాక, ఇంట్లో ఉన్న మూడు ఫ్లష్ ట్యాంకుల మూతలు తీసి తలా చిటికెడు వేశాను. అరగంట ఎవరినీ వాడొద్దని చెప్పాను. తర్వాత సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే పైన ఉన్న రెండు కమోడ్లూ తెల్లగా ఉన్నాయి. కింది బాత్రూంలో కమోడ్ లోపల వెనకవైపు గోడ మీంచి దారం మందాన నారింజ చార ఒకటి దిగుతోంది. చప్పుడు లేదు, కదలిక లేదు. వేలు పెడితే తప్ప అక్కడ నీళ్లు పారుతున్నాయని తెలీదు. ట్యాంకు ఖాళీ చేసి అడుగున ఉండే గుండ్రటి రబ్బరు సీలు బయటికి తీశాం. బోరు నీళ్ల ఉప్పుకు అది గట్టిపడిపోయి, అంచు చుట్టూ తెల్లటి పెచ్చు కట్టింది. గోరుతో గీకితే సున్నంలా రాలింది. కొత్త సీలు వంద రూపాయలలోపే. ఎన్నాళ్లుగా అలా కారుతోందో తెలీదు గానీ, రోజంతటికీ లెక్కేస్తే ప్రభుత్వ లెక్కలో ఒక మనిషి వాడకం అంత.

ఈ రంగు పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లయినా సరే. నీళ్ల గురించి నన్నెవరు అడిగినా మొదట ఇదే చెబుతాను.

సీలు మార్చేటప్పుడే ఫ్లష్ ట్యాంకుల సైజు మీద దృష్టి పడింది. మావి పాతవి, ఒక్కసారి నొక్కితే 10 లీటర్లు మొత్తం దిగిపోతుంది. మనిషికి రోజుకు ఐదుసార్లు అనుకుంటే ఐదుగురికి 250 లీటర్లు. రెండు బటన్ల ట్యాంకులో చిన్నదానికి 3, పెద్దదానికి 6 లీటర్లు. అదే ఐదుసార్లకు, నాలుగు చిన్నవి ఒకటి పెద్దది అనుకుంటే, తలకు 18, ఇంటికి 90. రోజుకు 160 లీటర్లు, ఎవరినీ ఒక్క మాట అనకుండా! పిల్లలతో నేను చేసిన యుద్ధాలన్నీ కలిపినా ఇందులో పదో వంతు మిగిలి ఉండవు. మూడూ ఒకేసారి మార్చలేదు, ఖర్చు చూసుకుని ఒక్కోటీ మార్చాం. ఈలోపు పాతవాటిలో నీళ్లు నింపిన లీటరు సీసా పడుకోబెట్టాను, ఆ మేరకు ట్యాంకులో తక్కువ నిండుతుంది. ఇటుక పెట్టమని కొందరు చెబుతారు. వద్దు, నాని నాని పొడి రాలి సీలు కింద చేరుతుంది.

ట్యాంకు నిండి పొంగి మేడ మీద పారడం అందరిళ్లలో ఉన్నదే. ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్ పెట్టించాం, అయిపోయింది.

నల్లాలకు బిగించే జాలీల సంగతి మాత్రం కాస్త చెప్పాలి. ధారలో గాలి కలిపి, నిమిషానికి 12 లీటర్లు వచ్చేదాన్ని నాలుగైదుకు తగ్గిస్తాయి. ఒక లీటరు జగ్గు పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో కొలిచి, వాష్‌బేసిన్‌లన్నిటికీ పెట్టాను. అక్కడ బాగా పనిచేశాయి. వంటింటి సింకుకు పెడితే, అంట్లు తోమే ఆమె రెండో రోజే తిరగబడింది. "గిదేం ధార అమ్మా, సబ్బు పోతలేదు, నాకు ఇంకో రెండిళ్లు ఉన్నయి" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నీళ్లు మిగలడం కోసం ఆమె గంటసేపు ఎక్కువ నిలబడాలా? తీసేశాను. దాని బదులు సింకులో ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టి, తోమిన గిన్నెలు మొదట అందులో ముంచి, ఆఖరున ఒక్కసారి నల్లా కింద కడిగేలా ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. దాంతో ఆమెకూ పని తొందరగా అవుతోంది. బేసిన్ జాలీలకు ఉప్పు పేరుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెట్టాలి, లేకపోతే ధార పక్కలకు చిమ్ముతుంది.

తాగేనీళ్ల ఆర్వో మిషను లీటరు ఇవ్వడానికి మాదగ్గర దాదాపు మూడు లీటర్లు బయటికి వదులుతోంది. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు ఒకటి కొని చూస్తే నల్లా నీళ్లు 300 దరిదాపుల్లో ఉన్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి 500 వరకు మంచిదే అంటుంది. 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. నల్లా నీళ్లను మామూలు ఫిల్టరు పట్టి కాచి తాగుతున్నాం. ట్యాంకర్ నీళ్లు తాగాల్సి వచ్చినప్పుడే ఆర్వో ఆన్ చేస్తాం. అప్పుడు వదిలే నీళ్లను క్యాన్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడతాం.

ఇక పెరడు. నిజానికి నాకు ఇష్టమైన భాగం ఇదే, గొడవలు ఎక్కువ అయింది కూడా ఇక్కడే.

కర్ర లెక్క ప్రకారం చెట్లకు రోజుకు 350 లీటర్లకు పైగా పోతున్నాయి. అందులో సగం ఇంటి ముందున్న గడ్డికే. ఇల్లు కట్టినప్పుడు అందం కోసం వేయించిన లాన్ అది. ఇక్కడి మే నెల ఎండకు గడ్డి నేల చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు ఆవిరి చేస్తుంది. మాది 25 చదరపు మీటర్లుంటుంది. దాని మీద ఎవరూ కూర్చునేది లేదు, పిల్లలు ఆడుకునేది లేదు. తవ్వించేసి అక్కడ నందివర్ధనం, గన్నేరు, కాగితం పూల తీగ, ఒక మునగ వేశాను. పాదుకున్నాక వీటికి నీళ్ల ధ్యాసే ఉండదు. మా ఆయన కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నాడు. మునగకాయల పులుసు పడ్డాక ఆ ఊసెత్తలేదు.

బాత్రూం నీళ్లను చెట్లకు మళ్లించడం అసలు పెద్ద పని. అందరికీ సాధ్యం కాదు, ఇంటి పైపులు ఎలా వేశారన్నదాని మీద ఉంటుంది. మా కింది బాత్రూంలో స్నానం నీళ్ల లైను, కమోడ్ లైను వేర్వేరుగా బయటికొస్తాయి. స్నానం నీళ్లు ఇంటి వెనక గల్లీ ట్రాప్‌లో (డ్రైనేజీ వాసన వెనక్కి రాకుండా ఆపే చిన్న గుంట) పడి, అక్కణ్నుంచి డ్రైనేజీకి వెళతాయి. ఆ గల్లీ ట్రాప్‌కు ముందు పైపు కోసి రెండు వాల్వులు పెట్టించాం. ఒకటి డ్రైనేజీకి, ఒకటి పెరట్లోకి. వానాకాలంలోనో, ఎవరైనా జుట్టుకు రంగు వేసుకున్నప్పుడో, బాత్రూం యాసిడ్‌తో కడిగినప్పుడో పెరటి వాల్వు మూసేస్తాం. ఆ రెండు వాల్వులు లేకుండా ఈ పని చేయొద్దని గట్టిగా చెబుతాను.

పెరట్లోకి వచ్చిన నీళ్లు ముందు ఒక చిన్న ఇటుకల తొట్టిలో పడతాయి. దానికి అడ్డంగా స్టీలు జాలీ. వెంట్రుకలు, సబ్బు తెట్టు అక్కడ ఆగుతాయి. వారానికోసారి ఆ జాలీ తీసి దులపాలి. ఇంట్లో ఎవరూ ముట్టుకోని పని అది, నా వంతే. ఆ తొట్టి నుంచి 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు కందకం. అడుగంతా కంకర, మధ్యలో చిల్లులు పొడిచిన పైపు, పైన మళ్లీ కంకర, మట్టి. అందులో మెట్టతామర, చేమ దుంపలు పెట్టాం. చివర్లో రెండు అరటి పిలకలు. మెట్టతామర వేళ్లకు సబ్బు నీళ్లంటే లెక్క లేదు, ఆ మురికినే తిని ఎర్రగా పూస్తుంది.

మొదట్లో వాసన వచ్చింది. మేస్త్రీ వాలు సరిగా ఇవ్వక, కందకం చివర్లో నీళ్లు నిలిచిపోయాయి. పైకి తేలిన నీళ్లలో దోమ పిల్లలు కూడా కనబడ్డాయి. పక్కింటి ఆంటీ ప్రహరీ మీంచి తొంగిచూసి "ఏంది, నాలా తవ్వుకున్నరా ఇంట్లో?" అంది. మేస్త్రీని మళ్లీ రప్పించి, చివర తవ్వి, వాలు సరిచేయించి, నీటిమట్టం ఎప్పుడూ కంకర పైఅంచుకు రెండంగుళాలు కిందే ఉండేలా పైపు దింపించాం. నీళ్లు కంటికి కనబడకపోతే దోమ లేదు, గాలి ఆడుతుంటే వాసన లేదు. ఇంకొకటి, ఈ నీళ్లను డ్రమ్ముల్లో పట్టి దాచుకోవాలని ఆశపడకూడదు. ఒక రోజు దాటితే కుళ్లు కంపు కొడుతుంది. వచ్చింది వచ్చినట్టు నేలలోకి పోవాలి.

అత్తమ్మ అభ్యంతరం వేరే రకం. ఆవిడ పుట్టింది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ చుట్టుపక్కల భూమిలో నీళ్లున్నా ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకరపోయిన ఊళ్లు. మంచినీళ్ల బిందె విలువ ఆవిడకు తెలిసినంత మాకెవరికీ తెలీదు. ఇప్పటికీ ఒక్క బకెట్‌తో తలస్నానం కానిస్తారు. నీళ్లు మళ్లీ వాడటమంటే ఆవిడకు సంతోషమే, కానీ "తానం చేసిన నీళ్లు తులసమ్మకు, దేవుని పూలచెట్లకు పోస్తవా బిడ్డా? మైల గాదూ?" అన్నారు. నేను వాదించలేదు. ఆవిడే ఒక పద్ధతి పెట్టారు: బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు తులసికి, మల్లెకు, మందారానికి. స్నానం నీళ్లు అరటికి, చేమకు. ఉతికిన నీళ్లు వాకిలి కడగడానికి. చదివి చూస్తే శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు ఇదే. పచ్చిగా తినే ఆకుకూరలకు, కొత్తిమీరకు సబ్బు నీళ్లు తగలనివ్వకూడదు. బియ్యం కడుగు మాత్రం దేనికైనా పోయొచ్చు.

వాషింగ్ మిషన్ మాది టాప్ లోడ్, ఒక్కో వాయికి వంద లీటర్లకు పైగా లాగుతుంది. దాని డ్రెయిన్ గొట్టాన్ని 200 లీటర్ల నీలం డ్రమ్ములోకి తిప్పాను, డ్రమ్ము అడుగున నల్లా బిగించాం. మొదటి ఉతుకు నీళ్లు డ్రైనేజీకే. వాటిలో డిటర్జెంట్ ఉప్పులెక్కువ. కరివేపాకు చెట్టుకు కొన్నాళ్లు ఆ నీళ్లే పోసి చూస్తే ఆకు అంచులు మాడాయి, మట్టి పైన తెల్లటి పొర కట్టింది. జాడించిన నీళ్లే డ్రమ్ములోకి పడతాయి. వాకిలి, కారు, కింది బాత్రూం కడగడం అన్నీ వాటితోనే, ఏ రోజువి ఆ రోజే. కారును పైపుతో కడగడం మా ఇంట్లో ఇప్పుడు లేదు.

నీళ్లు ఎన్ని పోశామన్నదాని కంటే, పోసినవి మట్టిలో ఎంతసేపు ఉంటాయన్నది ముఖ్యమని కుండీలు నేర్పాయి. మా వీధిలో వేప, కానుగ ఆకులు ఊడ్చి తగలబెడతారు. ఊడ్చే ఆయన్ని బతిమాలి రెండు బస్తాలు మా గేటు దగ్గర పెట్టమన్నాను. ప్రతి చెట్టు మొదట్లో మూడంగుళాల మందాన ఎండాకు పరిచాను. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి, లేకపోతే చెదలు పట్టుకుంటాయి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఆకు పైకెత్తి మట్టి ముట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది. పక్కనే ఆకు లేని చోట నెర్రెలిచ్చింది. రోజూ పోసేవి రెండు రోజులకోసారి, తర్వాత మూడు రోజులకోసారి అయ్యాయి.

కూరగాయల మడిలో అత్తమ్మ చెప్పిన కుండ పద్ధతి పెట్టాం. నున్నటి పూత లేని మామూలు మట్టికుండ, మూతి అంచు పగిలినదైనా పర్లేదు, మెడ దాకా పాతిపెట్టాలి. నీళ్లు నింపి పైన చిప్ప మూయాలి. కుండ గోడల్లోంచి మట్టికి కావలసినంతే చెమ్మ దిగుతుంది. తడి ఉంటే ఆగుతుంది, ఆరితే మళ్లీ ఊరుతుంది. చుట్టూ బీర, సొర, టమాటా పెట్టాం. బీర తీగ పీకినప్పుడు చూస్తే దాని వేళ్లు కుండను వల అల్లినట్టు చుట్టేసి ఉన్నాయి. ఉప్పు నీళ్లు పోస్తే కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, ఏడాదికోసారి మార్చుకోవాలి. డ్రిప్ కూడా వేశాం, పెరటికి బాగానే ఉంది. మేడ మీది కుండీలకు పనిచేయలేదు. ట్యాంకు, కుండీలు దాదాపు ఒకే ఎత్తులో ఉంటే ఒత్తిడి ఎక్కణ్నుంచి వస్తుంది? 10 మీటర్ల ఎత్తు తేడా ఉంటే గానీ డ్రిప్ కంపెనీలు చెప్పే ఒత్తిడి రాదు. అక్కడ షేడ్ నెట్ కట్టి, కుండీల్లో కొబ్బరి పొట్టు కలిపి, చెంబుతోనే పోస్తున్నాను.

వాన నీటి దగ్గరికొస్తే లెక్క చాలా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా స్లాబు 100 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అంటే మా నెత్తి మీద ఏటా 80,000 లీటర్లు పడి, గొట్టాల గుండా రోడ్డు మీదికి పోయి, కాలనీ చివర మోకాల్లోతు నిలుస్తున్నాయి. అదే సమయంలో మా నల్లాలోకి వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వెనక నుంచి 100 కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ వస్తున్నాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్ సాగర్‌లతో ఒకప్పుడు గడిచిన ఊరు ఇది.

ఇంకుడు గుంత మా ఇంటికి ఉంది, కాగితం మీద. నీళ్లు, నేల, చెట్లను కాపాడటానికి 2002లో తెచ్చిన వాల్టా చట్టం వచ్చాక ఇంటి పర్మిషన్లకు అది ఉండి తీరాలి. మాకు ఇల్లు కట్టిచ్చిన కాంట్రాక్టరు ఫొటో దిగడానికి ఒకటి తవ్వి, తర్వాత దాని మీదే పార్కింగ్ టైల్స్ పరిచాడు. టైల్స్ లేపి చూస్తే రెండడుగుల లోతు, నిండా సిమెంటు చెత్త. కొత్తది 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు తవ్వించాం. నాలుగడుగుల దగ్గర మొరం తగిలింది. మొరం తగలడం మంచిది, నీళ్లు అక్కడే ఇంకుతాయి. సగం దాకా 40 ఎంఎం కంకర, పైన 20 ఎంఎం, ఆపైన దొడ్డు ఇసుక, పైన కొంత ఖాళీ. ఒక చిక్కు ఉంది. గుంత మొత్తం 2700 లీటర్లు పట్టాలి, కానీ కంకర నింపాక ఖాళీ సందుల్లో పట్టేది 1100 లీటర్లే. 50 మిల్లీమీటర్ల గట్టి వాన పడితే మా స్లాబు మీంచి దిగేవి 5000 లీటర్లు. అందుకే గుంతకు ముందు నేల మీద 1000 లీటర్ల ట్యాంకు ఒకటి పెట్టాం. వాన నీళ్లు దానిలో నిండాక, పొంగినవే గుంతకు పోతాయి. జూన్‌లో తొలి వానలకు గొట్టం చివరి మూత తీసి వదిలేస్తాం, ఏడాదంతా పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట కొట్టుకుపోవడానికి.

ఆ ట్యాంకు నీళ్లు తులసికి, దేవుడి పూలచెట్లకు, అప్పుడప్పుడు అత్తమ్మ చీరలకు. వాన నీళ్లలో ఉప్పు ఉండదు గనుక సబ్బు తొందరగా నురుగొస్తుంది. మిషన్‌లో వేయనివ్వకుండా ఆవిడే జాడించుకుంటారు.

బోరు తిరిగి బతికిందా అని అందరూ అడుగుతారు. మా కింద ఉన్నది గ్రానైట్. పైన మొరం పొరలో కొంత, కింద రాతి పగుళ్లలో కొంత, అంతే నీళ్లు. మా పగులుకు పక్కింటి పగులుకు సంబంధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పది నిమిషాలకే గాలి కొట్టే మోటారు ఇప్పుడు అరగంట నడుస్తోంది. అది మా గుంత గొప్పతనమో, మంచి వానల చలవో, వీధిలో మరో నలుగురు గుంతలు తవ్వడం వల్లో విడదీసి చెప్పడం కుదరదు. ఒక్క ఇంటి గుంత ఒక్క బోరును నింపేస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. గుంత పని గుంతది. ఏటా మే నెలలో పై ఇసుక తీసి కడిగి మళ్లీ వేయించాలి, లేకపోతే రెండేళ్లలో పూడుకుపోయి గోడలా గట్టిపడుతుంది.

ఇప్పుడు కర్ర లెక్క రోజుకు 650కి అటూఇటూ. చాలా నెలలు బిల్లులో వాడకం 20,000 లీటర్ల లోపే ఉంటోంది. మే నెలలోనూ, చుట్టాలు దిగినప్పుడూ దాటుతుంది. మా అమ్మాయి షవర్ ఇప్పటికీ పాట అయ్యేదాకా నడుస్తుంది. ఆ నీళ్లు అరటికి పోతున్నాయి గనుక నేను తలుపు కొట్టడం మానేశాను. మొదటి గెల దిగింది.

వంటింటి సింకు నీళ్లు ఒక్కటే ఇంకా డ్రైనేజీలోకి పోతున్నాయి. నూనె, జిడ్డు, ఎంగిలి మెతుకులతో అవి మెట్టతామర మడికి వెళితే కంకర సందులు మూసుకుపోతాయి. సింకు కింద జిడ్డు ఆపే తొట్టి ఒకటి కట్టి, అందులో చేరిన జిడ్డును వారానికోసారి తీసి పారెయ్యాలంటున్నాడు ప్లంబర్. ఆ తొట్టి శుభ్రం చేసేదెవరన్నది తేలాక పిలుస్తామని చెప్పాం. బాత్రూం జాలీ ఇప్పటికే నా వంతు, ఇది మా ఆయన వంతు అని నేనంటున్నాను. ఆయన ఆలోచిస్తున్నాడు.